ఒంట్లో దాగిన వైరస్‌లు – దేహరక్షణ వ్యవస్థ జ్ఞాపకశక్తి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల ఉత్సవంలో ఎటు చూసినా జ్ఞాపకాల ప్రసక్తే. ఈ ప్రసంగానికి ఎన్నుకున్న విషయం కూడా ఒక విధమైన జ్ఞాపకమే. ఒకసారి సోకిన రోగాన్ని మన దేహం దశాబ్దాల పాటు ఎలా గుర్తుంచుకుంటుంది? ఆ రోగకారకం దేహాన్ని విడిచిపోక లోపలే కాపురం పెట్టినప్పుడు ఆ జ్ఞాపకం ఏమవుతుంది? మొదటి ప్రశ్నకు సమాధానం చాలామందికి కొంత తెలిసినదే. రెండవది అంతగా ప్రచారంలో లేదు. కానీ ఇళ్లలోని వృద్ధుల బాధలకూ, పుట్టబోయే పసిబిడ్డల భవిష్యత్తుకూ నేరుగా సంబంధించినది ఆ రెండవ ప్రశ్నే.

అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తర భాగాన, డెన్మార్క్ పాలనలోని ఫారో దీవులలో 1846వ సంవత్సరాన తట్టు విజృంభించింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా మంచాన పడ్డారు. ప్రభుత్వం పంపగా వెళ్లిన పీటర్ పానుమ్ అనే యువ వైద్యుడు ఊరూరా తిరిగి విచారిస్తూ ఒక విశేషాన్ని గుర్తించాడు. అంతకుముందు ఆ దీవులకు తట్టు వచ్చింది 1781లో. నడుమ 65 ఏళ్లు ఆ వ్యాధి అక్కడ అడుగు పెట్టలేదు. 1781లో తట్టు పోసి బతికిన వృద్ధులు ఇంకా ఎందరో ఉన్నారు. ఆయన విచారించిన అటువంటివారిలో ఒక్కరికి కూడా రెండవసారి వ్యాధి సోకలేదు. 65 ఏళ్లు శత్రువు ముఖం చూడకపోయినా దేహం దానిని మరువలేదన్నమాట.

దీని వెనుక గల యంత్రాంగాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వైరస్ మొదటిసారి ప్రవేశించినప్పుడు తెల్ల రక్తకణాలలో లింఫోసైట్లు అనే తరగతి దానిని గుర్తిస్తుంది. వీటిలో బి-కణాలు ప్రతిరక్షకాలనే ప్రోటీన్లను తయారుచేసి నెత్తురులోకి వదలుతాయి. టి-కణాలలో ఒక రకం వైరస్ చొరబడిన కణాలను వెదకి చంపుతుంది. మరొక రకం పోరాటమంతటినీ నడిపిస్తుంది. వ్యాధి తగ్గాక ఈ సైన్యంలో అధికభాగం నశించి, కొద్దిపాటి కణాలు మిగులుతాయి. వీటికే జ్ఞాపక కణాలని పేరు. ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు కొన్ని ఎముకల మజ్జలో స్థిరపడి ఏళ్ల తరబడి తమ పని తాము చేసుకుపోతుంటాయి.

ఈ సభలోని పెద్దల భుజాలపై మశూచి టీకా మచ్చలు ఇప్పటికీ ఉండవచ్చు. టీకాలవారు వస్తున్నారంటే అటకలెక్కి దాక్కున్నవారు కూడా ఇక్కడ లేకపోలేదు. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదయింది. 1980లో ఆ వ్యాధి ప్రపంచం నుండి తొలగిపోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 25 నుండి 75 ఏళ్ల క్రితం ఆ టీకా వేయించుకున్నవారి నెత్తురును అమెరికాలోని ఆరెగన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ జ్ఞాపకం చెప్పుకోదగినంతగా నిలిచి ఉంది. ప్రతిరక్షకాలు దాదాపు తరగలేదు. టి-కణాలు మాత్రం 8 నుండి 15 ఏళ్లకు సగం చొప్పున తగ్గుతూ వచ్చాయి. ఈ భేదాన్ని కొంచెం గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉంది.

తట్టు, మశూచి సాధారణంగా వచ్చి పోయే శత్రువులు. ఆటలమ్మ అటువంటిది కాదు.

ఈ బడి పాత హాజరు పట్టీలు తిరగవేస్తే ఏటా ఆటలమ్మ పోసి రెండు వారాలు గైరుహాజరైన పిల్లలు కనిపించక మానరు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డను వేరు గదిలో ఉంచి, స్నానం చేయించిన పిమ్మట బడికి పంపే ఆచారం మనకు ఉన్నది. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేవరకు బిడ్డను ఇంటి పట్టునే ఉంచాలన్న వైద్యుల మాటకూ ఆ ఆచారానికీ విరోధం లేదు. రెండు వారాల తరువాత బిడ్డ తిరిగి బడికి వచ్చినట్లు పట్టీలో ఉంటుంది. ఆటలమ్మ వైరస్ కూడా ఆ బిడ్డతోనే వచ్చి బల్ల మీద కూర్చున్నట్లు ఏ పట్టీలోనూ ఉండదు.

పొక్కులు మానే సమయానికి ఆ వైరస్ వెన్నుపాముకు ఇరుపక్కలా, ముఖానికి వచ్చే నాడుల మొదళ్లలోనూ ఉండే నాడీ సంధులలో చేరిపోయి ఉంటుంది. అక్కడ తన జన్యుపదార్థాన్ని మాత్రం నిలుపుకొని, ప్రోటీన్ల తయారీని దాదాపు మానివేసి, నిద్రావస్థలో ఉండిపోతుంది. వైరస్ ప్రోటీను తునక కంటపడనిదే టి-కణం దానిని గుర్తించలేదు. ఒకవేళ గుర్తించినా, చచ్చిన నాడీకణం స్థానంలో కొత్తది పుట్టదు గనుక అక్కడ విచ్చలవిడిగా సంహారం సాగించడం దేహానికే నష్టం. కావున వైరస్‌ను వెళ్లగొట్టడం సాధ్యం కాదు. అది తల ఎత్తిన ప్రతిసారీ అణచివేస్తూ ఉండటమే జ్ఞాపక కణాలకు మిగిలిన పని. తట్టు విషయంలో జ్ఞాపకం బీరువాలో భద్రపరచిన దస్తావేజు వంటిదైతే, ఇక్కడ అది రాత్రింబగళ్లు తిరుగుతూ ఉండవలసిన తలారి.

ఆ తలారి ఏమరినప్పుడు, దశాబ్దాల తరువాత వైరస్ మేల్కొని, దాగిన చోటి నుండి నాడి వెంట చర్మానికి దిగివచ్చి పట్టీలాగా నీటిపొక్కులు లేపుతుంది. తెలుగువారు దీనిని సర్పి అంటారు. తమిళులు అక్కి అనీ, కన్నడిగులు సర్పసుత్తు అనీ, మరాఠీలు నాగీణ్ అనీ అంటారు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన కుటుంబాలలో వీటిలో రెండు పేర్లయినా వినబడుతూనే ఉంటాయి. నాలుగింటిలో మూడు పేర్లలో పాము ఉన్నది. పొక్కులు నడుము చుట్టూ తిరిగి పాము తలా తోకా కలిస్తే ప్రాణాపాయమనే భయం కూడా తరతరాలుగా ఉన్నది.

నిజానికి ఆ తలా తోకా సాధారణంగా కలవవు. ఒక్కొక్క నాడీ సంధి శరీరానికి ఒక్క పక్కన, ఒక పట్టీ మేర చర్మానికి మాత్రమే నాడులను పంపుతుంది. ఆ పట్టీ వెన్నెముక దగ్గర మొదలై, పక్క నుండి తిరిగి, ముందువైపు నడిమి రేఖ వద్ద ఆగిపోతుంది. వైరస్ ఆ దారినే వస్తుంది గనుక పొక్కులు కూడా అక్కడే ఆగుతాయి. పాముకు నడుము చుట్టడానికి దారి లేదు. అలా కాక ఒళ్లంతా పొక్కులు పాకితే దేహరక్షణ బాగా కుంటుపడినదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సర్పికీ ఆటలమ్మకూ గల బంధుత్వాన్ని మొదట పసిగట్టినవాడు బుడాపెస్ట్ నగరంలోని పిల్లల వైద్యుడు బోకాయ్. ఇంట్లో ఒక పెద్దకు సర్పి వచ్చిన కొద్దిరోజులకే పిల్లలకు ఆటలమ్మ పోయడం ఆయన గమనిస్తూ వచ్చాడు. ఈ బంధుత్వానికి సరైన అర్థం చెప్పినవాడు మాత్రం ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణపు కుటుంబ వైద్యుడు ఎడ్గర్ హోప్-సింప్సన్. తన పరిధిలోని సుమారు 3,500 మంది ప్రజల రోగ వివరాలను ఆయన 16 ఏళ్లు ఓపికగా రాసిపెట్టుకున్నాడు. అందులో 192 సర్పి కేసులు తేలాయి. వయస్సుతో పాటు వ్యాధి పెరుగుతున్న తీరు చూసి 1965లో ఆయన ఒక ప్రతిపాదన చేశాడు. వైరస్ బాల్యం నుండి లోపలే ఉన్నది. దానిని అణచి ఉంచుతున్నది దేహపు జ్ఞాపకమే. ఆ జ్ఞాపకం ఏటేటా తరుగుతుంది. మనుమలకు ఆటలమ్మ పోసినప్పుడు ఆ గాలి సోకి తాతల, అవ్వల జ్ఞాపకం తిరిగి పదునెక్కుతుంది. తరుగుదల ఒక హద్దు దాటినప్పుడు సర్పి బయటపడుతుంది. పెద్ద ప్రయోగశాలలు చేయలేని పనిని రోగుల పుస్తకం సక్రమంగా రాసుకున్న ఒక ఊరి వైద్యుడు చేయడం శాస్త్ర చరిత్రలో ముచ్చటైన ఘట్టం. ఒకే రోగికి వేర్వేరు కాలాలలో వచ్చిన ఆటలమ్మ, సర్పి వైరస్‌ల జన్యుపదార్థాన్ని పోల్చి, రెండూ ఒకటేనని అమెరికా శాస్త్రజ్ఞులు 1984లో నిరూపించారు.

ఫారో వంటి చిన్న దీవిలో తట్టు నిలవలేదు. సోకదగినవారంతా అయిపోగానే అంతరించింది. ఆటలమ్మకు ఆ ఇబ్బంది లేదు. అది తాతలో నిద్రించి, మనుమల తరం పుట్టాక సర్పి రూపంలో లేచి, వారికి ఆటలమ్మగా సంక్రమిస్తుంది.

ఇప్పుడు ఇందాకటి భేదానికి వద్దాం. వృద్ధులలో ఆటలమ్మ వైరస్‌కు ఎదురైన ప్రతిరక్షకాలు నెత్తురులో పుష్కలంగానే ఉంటాయి. అయినా సర్పి వస్తుంది. ప్రతిరక్షకాలు కణాల వెలుపల తిరిగే వైరస్‌నే పట్టగలవు. కణం నుండి కణానికి నాడి లోపలనే ప్రాకే వైరస్‌ను ఆపవలసినవి టి-కణాలు. వయస్సుతో తరిగేవి అవే. పుట్టుకతోనే ప్రతిరక్షకాలు తయారుకాని పిల్లలకు సర్పి బెడద పెద్దగా ఉండదు. టి-కణాలు దెబ్బతిన్న ఎయిడ్స్ రోగులకు, మూత్రపిండం మార్పిడి జరిగినవారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. మధుమేహం కూడా కొంత పెంచుతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ పరిశోధకులు 2004లో వ్యోమగాముల లాలాజలాన్ని పరీక్షించగా, ఒంటిపై ఒక్క పొక్కు కూడా లేని ఆరోగ్యవంతులలో ఈ వైరస్ జాడలు కనిపించాయి. ప్రయాణపు ఒత్తిడికి వైరస్ కదిలింది. తలారి వెంటనే అణచివేశాడు. మన అందరిలోనూ ఇటువంటి చిన్న చిన్న తిరుగుబాట్లు అప్పుడప్పుడు జరుగుతుంటాయనీ, అవే జ్ఞాపకానికి సాన పెడుతుంటాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

సర్పి విషయంలో ఇళ్లలో జరిగే ఆలస్యం గురించి కొంత గట్టిగానే చెప్పవలసి ఉన్నది. తమిళ ప్రాంతంలో అక్కి వచ్చినవారిని కుమ్మరి ఇంటికి తీసుకుపోయి, పొక్కుల చుట్టూ కావితో సింహం బొమ్మ గీయించే ఆచారం ఉన్నది. ఆ విశ్వాసాన్ని హేళన చేయనక్కరలేదు. పొక్కులు రెండు మూడు వారాలలో వాటంతట అవే మానుతాయి గనుక బొమ్మ గీసినవారికి మంచిపేరే వస్తుంది. కానీ పొక్కులు మానిన తరువాత మిగిలే నొప్పిని బొమ్మ ఆపలేదు. నాడి దెబ్బతినడం వల్ల, వృద్ధులలో ఆ నొప్పి నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. చొక్కా అంచు తగిలినా నిప్పు పెట్టినట్లుంటుంది. రాత్రి నిద్ర ఉండదు. ఎసైక్లోవిర్, వలసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు లేచిన 72 గంటలలోపు మొదలుపెడితే వైరస్ వృద్ధిని అదుపు చేస్తాయి. ఇవి మేల్కొన్న వైరస్‌పైనే పనిచేస్తాయి. నిద్రిస్తున్న దానిని తాకలేవు. ఎసైక్లోవిర్‌ను రూపొందించిన బృందానికి నాయకురాలైన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అటువంటి మందు పక్క వీధి దుకాణంలో దొరుకుతుండగా ఆ మూడు రోజులను బొమ్మలకు ఖర్చు చేయడం తగదు. ముందు వైద్యుడు, ఆ పిమ్మట ఎవరి విశ్వాసం వారిది. నుదుటి మీదనో, కంటి రెప్ప మీదనో, ముక్కు కొన మీదనో పొక్కులు లేస్తే చూపుకే ప్రమాదం గనుక ఆ రోజే కంటి వైద్యునికి చూపించాలి.

మరొక మాట. సర్పి ఒకరి నుండి ఒకరికి సర్పిగా అంటదు. పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ ఎన్నడూ పోయనివారికి ఆటలమ్మ రావచ్చు. కాబట్టి పసిపిల్లలు, ఆటలమ్మ పోయని గర్భిణీలు దూరంగా ఉంటే చాలు. పొక్కులను శుభ్రమైన గుడ్డతో కప్పి ఉంచాలి. ఆ మాత్రానికి అవ్వను పెరటి గదికి తరిమి, కంచం వేరు చేయడం అనవసరపు క్రూరత్వం.

హోప్-సింప్సన్ చెప్పిన మనుమల మాట ఏమయిందని ఎవరైనా అడగవచ్చు. బ్రిటన్‌లో 2020లో ప్రచురితమైన పరిశీలనలో, ఇంట్లో పిల్లకు ఆటలమ్మ వచ్చిన తరువాతి రెండేళ్లలో పెద్దలకు సర్పి వచ్చే అవకాశం మూడింట ఒక వంతు తగ్గింది. అంటే ఆయన చెప్పినది నిజమే, పాక్షికంగా. దీనికంటే నమ్మకమైన సాన టీకా. జపానులో మిచియాకి తకహాషి 1974లో ఆటలమ్మకు సజీవ టీకాను రూపొందించాడు. అదే వైరస్‌ను ఎక్కువ మోతాదులో వాడి వృద్ధులకై చేసిన సర్పి టీకాకు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. అది సుమారు సగం కేసులను మాత్రమే ఆపగలిగింది. 2017లో వచ్చిన షింగ్రిక్స్ అనే టీకాలో సజీవ వైరస్ లేదు. వైరస్ ఉపరితలంపై ఉండే ఒక్క ప్రోటీనును, టి-కణాలను గట్టిగా తట్టి లేపే ద్రవ్యాలతో కలిపి ఇస్తారు. ఆ ద్రవ్యాలలో ఒకటి చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుండి తీసిన సాపోనిన్. మన కుంకుడుకాయ నురుగుకు కారణమైన పదార్థాలు కూడా ఆ కుటుంబానివే. 50 ఏళ్లు దాటినవారిలో ఇది సుమారు 97 శాతం, 70 దాటినవారిలో సుమారు 90 శాతం రక్షణ ఇచ్చినట్లు 2015, 2016 సంవత్సరాల పరీక్షలలో తేలింది. భారతదేశంలో ఇది 2023 నుండి లభిస్తున్నది. రెండు నుండి ఆరు నెలల ఎడంతో రెండు మోతాదులు వేస్తారు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, జ్వరం ఉండవచ్చు. ధర మాత్రం సామాన్యునికి భారమే. పూర్వ విద్యార్థులు తల్లిదండ్రులకు ఏటా పంపే కానుకల జాబితాలో దీనికి కూడా చోటు ఇవ్వవచ్చు.

వదలని వైరస్‌లన్నీ ఆటలమ్మ వలె నిద్రపోవు. కొన్ని మెలకువగానే ఉండి, నిరంతరం తమ సంతతిని పెంచుతుంటాయి. కాలేయానికి పట్టే హెపటైటిస్-బి అటువంటిది. ఇక్కడ జ్ఞాపకం మరొక దారి పడుతుంది. శత్రువు రోజూ, ప్రతి క్షణం కళ్లెదుట ఉంటే టి-కణాలు జ్ఞాపక కణాలుగా మారే బదులు క్రమంగా అలసిపోతాయి. ఈ అలసటను 1990 దశకంలో ఎలుకలలో మొదట స్పష్టంగా చూపారు. అలసిన కణాల ఉపరితలంపై పిడి-1 అనే ఒక ప్రోటీను ఎక్కువగా ఉంటుందనీ, అది బండికి బ్రేకు వలె పనిచేస్తుందనీ, దానిని అడ్డుకుంటే కణాలు తిరిగి చురుకు తెచ్చుకుంటాయనీ 2006లో వెల్లడించిన పరిశోధక బృందానికి నాయకుడు రఫీ అహ్మద్. ఆయన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. పిడి-1ను 1992లో కనుగొన్న జపాన్ శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో క్యాన్సర్ చికిత్సకు అది దారి చూపినందుకు 2018లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

ఆ బ్రేకు దేహానికి ఎందుకు? అదే పరిశోధనలో బ్రేకు వ్యవస్థ లేని ఎలుకలకు దీర్ఘకాలిక వైరస్‌ను ఎక్కించగా అవి చనిపోయాయి. చంపింది వైరస్ కాదు, అదుపు తప్పిన సొంత సైన్యం. కాబట్టి ఈ అలసటను ఓటమి అనడం కంటే ఇల్లు తగలబడకుండా దేహం చేసుకున్న రాజీ అనడం న్యాయం. కానీ ఆ రాజీ ఖరీదైనది. ఏళ్లు గడిచేకొద్దీ కాలేయం గట్టిపడి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది ఈ దీర్ఘకాలిక వ్యాధితో జీవిస్తున్నారు. వారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు.

ఈ రాజీ ఎవరి విషయంలో కుదురుతుందన్నది సోకిన వయస్సును బట్టి ఉంటుంది. పెద్దవారికి సోకితే నూటికి 95 మందికి పైగా కామెర్లతోనో, కామెర్లు కూడా లేకుండానో బయటపడి జ్ఞాపకాన్ని సంపాదించుకుంటారు. ప్రసవ సమయంలో తల్లి నుండి సోకిన పసికందులలో నూటికి 90 మందికి వైరస్ జీవితాంతం నిలిచిపోతుంది. బయటపడిన పెద్దలలో కూడా కాలేయ కణాలలో వైరస్ జన్యుపదార్థం ఆనవాళ్లు మిగిలే ఉంటాయి. జ్ఞాపక కణాలు వాటిపై కాపలా కాస్తుంటాయి. అందువల్లనే ఒకప్పుడు హెపటైటిస్-బి వచ్చినవారు క్యాన్సర్ మందులో, కీళ్లవాతానికి వాడే బలమైన మందులో మొదలుపెట్టే ముందు ఆ సంగతి వైద్యునికి చెప్పి తీరాలి. కాపలా సడలితే 30 ఏళ్ల నాటి వైరస్ తిరిగి లేవవచ్చు.

పసికందుకు ఆ రాజీ కుదరక ముందే జ్ఞాపకాన్ని అందించడం టీకా పని. అందుకే పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు వేయాలంటారు. ఆ తరువాత 6, 10, 14 వారాలలో మిగిలినవి. ఒకనాడు ఈ టీకా విదేశాల నుండి దిగుమతి కావలసి వచ్చి, మధ్యతరగతికి కూడా అందుబాటులో ఉండేది కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ వరప్రసాదరెడ్డి నాయకత్వాన దేశంలో మొదటిసారిగా జన్యుసాంకేతిక పద్ధతిలో దీనిని తయారుచేసి ధరను దించింది. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేస్తున్నారు. పురిటి గదిలో ఉండే అమ్మమ్మలు, నాయనమ్మలు బిడ్డ బరువు అడిగినట్లే ఈ మొదటి మోతాదు సంగతి కూడా నర్సును అడగాలి. మొదటి రోజు తప్పితే తరువాతి మోతాదులు ఆ లోటును పూర్తిగా తీర్చలేవు.

కొన్నేళ్ల తరువాత నెత్తురు పరీక్షలో ప్రతిరక్షకాలు తగ్గిపోయాయని తెలిసి తల్లిదండ్రులు కంగారు పడటం కూడా కద్దు. అలాస్కాలో 1981లో ఈ టీకా వేయించుకున్నవారిని 30 ఏళ్ల తరువాత పరీక్షించారు. తగినన్ని ప్రతిరక్షకాలు సగం మందిలోనే కనిపించాయి. మిగిలిన సగానికి ఒక్క అదనపు మోతాదు ఇచ్చి చూశారు. వారిలో నూటికి 88 మంది నెత్తురులో కొద్ది వారాలలోనే ప్రతిరక్షకాలు తిరిగి పుట్టుకొచ్చాయి.